కొనేది కొమ్ము, గుర్తుపట్టాల్సింది పువ్వు: అల్లం కుటుంబంలో పేర్ల చిక్కు

మామిడి అల్లం కొమ్మును అడ్డంగా కోస్తే పచ్చి మామిడికాయ వాసన గుప్పుమంటుంది. పైచెక్కు అచ్చం అల్లంలా ఉంటుంది, లోపల మాత్రం తెలుపు తిరిగిన లేత పసుపు. బజారులో అల్లం పక్కనే కుప్ప పోస్తారు, ఇంట్లో పచ్చడికీ ఊరగాయకీ అల్లంలాగే వాడతారు. వృక్షశాస్త్రం మాత్రం దాన్ని తీసుకెళ్లి పసుపు పక్కన కూర్చోబెట్టింది. పసుపు పేరు కుర్కుమా లాంగా, మామిడి అల్లం పేరు కుర్కుమా అమడ. రెండూ అక్కచెల్లెళ్లు. అల్లం జింజిబర్ అఫిసినేల్, వాటికి వరసకు చుట్టం మాత్రమే. నమ్మకం కుదరకపోతే ఆకు చూడండి. అల్లం ఆకు వెదురాకులా సన్నగా, తొడిమ లేనట్టే ఉంటుంది. మామిడి అల్లం ఆకు పసుపు ఆకులాగే వెడల్పుగా, పొడుగాటి తొడిమతో లేస్తుంది.

ఆ 'అమడ' అన్న మాట కూడా లాటిన్ మాట కాదు. బెంగాలీలో 'ఆమ్ ఆదా' అంటే మామిడి అల్లమే. 1810లో ఈ మొక్కను పసుపు ప్రజాతిలో చేర్చిన వృక్షశాస్త్రజ్ఞుడు విలియం రాక్స్‌బర్గ్, జనం నోట్లో ఉన్న మాటనే జాతి పేరుగా ఉంచాడు. అంటే శాస్త్రీయ నామంలో ముందు సగం 'ఇది పసుపు' అంటుంది, వెనక సగం 'ఇది అల్లం' అంటుంది. ఈ కుటుంబంలో పేర్ల తంటా ఎలాంటిదో ఈ ఒక్క పేరులోనే కనిపిస్తుంది.

తంటాకు మూలం ఒక్కటే. అల్లం కుటుంబంలో మనం కొనేది, వండేది, మందుకు వాడేది కొమ్మునో కాయనో. వర్గీకరణ చేసేవాళ్లు చూసేది పువ్వును. ఆ పువ్వు ఒక్కపూటో ఒక్కరోజో ఉండి వాడిపోతుంది. పొలంలో అల్లం అసలు పూయడమే అరుదు. కొమ్ము చూసి పెట్టిన పేరూ, పువ్వు చూసి పెట్టిన పేరూ రెండు దారుల్లో వెళ్లిపోయాయి. వర్తకుడి సంచి మీదా, మందు సీసా మీదా, నర్సరీ కుండీ మీదా ఆ రెండూ కలిసేసరికి చిక్కు పడుతుంది.

(ఒక చిన్న మాట: తెలుగు పాఠ్యపుస్తకాల్లో 'ప్రజాతి' అంటే దగ్గరి జాతుల గుంపు, 'జాతి' అంటే అందులో ఒక్కొక్క రకం మొక్క. కుర్కుమా ప్రజాతి, లాంగా జాతి. ఈ వ్యాసంలోనూ అదే వాడుక.)

ఒక్క కేసరం

అల్లం కుటుంబం, అంటే జింజిబరేసి, సుమారు 50 ప్రజాతులు, 1,600 జాతులున్న పెద్ద సంసారం. దీనికి ఏడు తోబుట్టువు కుటుంబాలున్నాయి. అరటి, మెట్టతామర, హెలికోనియా, మరాంటా అందులోవే. మొత్తం ఎనిమిదీ కలిసి జింజిబరేలిస్ క్రమం. వీటిలో పుప్పొడి ఇచ్చే కేసరాల లెక్క చాలా సంగతులు చెబుతుంది: అరటి పువ్వులో మామూలుగా ఐదు, అల్లంలో ఒకటి, మెట్టతామరలో సగం. మెట్టతామరలో ఆ ఒక్క కేసరంలోనూ ఒక పక్కే పుప్పొడి ఉంటుంది, రెండో పక్క రేకులా మారిపోయింది.

మరి అల్లంలో మిగతా కేసరాలు ఏమయ్యాయి? అవి రేకులయ్యాయి. పసుపు కంకిలోంచి ఒక పువ్వును నెమ్మదిగా లాగి చూడండి. ముందుకు సాగి, మధ్యలో ముదురు పసుపు చారతో కనిపించే 'పెదవి' మన కంటికి రేకులా ఉంటుంది. నిజానికి అది రెండు కేసరాలు పుప్పొడి మానేసి అతుక్కుపోయిన భాగం. దానికి అటూ ఇటూ ఉన్న రెండు రెక్కలు కూడా వంధ్యకేసరాలే, అంటే పుప్పొడి ఇవ్వని కేసరాలే. అసలు ఆకర్షణ పత్రాలు మూడూ వీటి వెనక పలచగా ఒదిగి ఉంటాయి. మధ్యలో ఉన్న ఒకే ఒక్క కేసరానికి పుప్పొడి అరలు రెండు. ఆ అరల సందులోంచి దారంలాంటి కీలం (అండాశయం నుంచి లేచే కాడ) పైకి వచ్చి, దాని కొన అయిన కీలాగ్రాన్ని అరల పైన నిలబెడుతుంది. ఇది ఈ కుటుంబపు ముద్ర.

ఇక్కణ్ణుంచి ప్రజాతులు విడిపోతాయి. పసుపులో కేసరం అడుగున రెండు చిన్న ముళ్లలాంటి కొనలుంటాయి. కంకిలోని పుష్పపుచ్ఛాలు (పువ్వు అడుగున ఉండే ఆకులాంటి భాగాలు) పక్కవాటితో అతుక్కుని సంచుల్లా మారతాయి, ప్రతి సంచిలోనూ కొన్ని పూలు ఒకదాని తర్వాత ఒకటి విచ్చుకుంటాయి. అల్లంలో పుచ్ఛాలు విడివిడిగా ఉంటాయి, ఒక్కోదానిలో ఒక్క పువ్వు. కేసరం పైకొన పశువు కొమ్ములా పొడుగ్గా సాగి కీలాన్ని చుట్టుకుంటుంది. పక్క రెక్కలు పెదవితో కలిసిపోయి మూడు తమ్మెలుగా కనిపిస్తాయి. లివర్‌పూల్‌కు చెందిన విలియం రాస్కో 1807లో ఈ కేసరం ఆకారాన్ని పట్టుకునే ప్రజాతుల సరిహద్దులు గీశాడు. అల్లానికి జింజిబర్ అఫిసినేల్ అన్న పేరు కూడా అప్పటిదే.

పువ్వు దొరకని రోజుల్లో పనికొచ్చే పరీక్ష ఒకటుంది. దీన్ని జనం పెద్దగా వాడరు గానీ వాడితే సగం అనుమానాలు పోతాయి. కొమ్ము నేలలో ఏ దిక్కుకు పాకుతోందో మట్టి తీసి చూడండి. పైన ఆకులు రెండు వరసల్లో, ఎదురెదురుగా, ఒకే తలంలో ఉంటాయి. ఆ తలం కొమ్ము పాకే దిక్కుకే ఉంటే అది పసుపు, అల్లం, కచ్చూరం ఉన్న ఉపకుటుంబం. కొమ్ముకు అడ్డంగా ఉంటే ఏలకి, పెద్ద ఏలకి, దుంపరాష్ట్రం ఉన్న ఉపకుటుంబం. దుబ్బు బాగా గుబురెక్కితే పిలకలు ఒకదాన్నొకటి నెట్టుకుని మెలి తిరుగుతాయి, అప్పుడు పరీక్ష తప్పుతుంది. అంచున కొత్తగా వచ్చిన పిలకనే చూడాలి.

ఆకులు రెండు వరసల్లో కాకుండా మరమెట్లలా కాండం చుట్టూ తిరుగుతూ ఎక్కితే, నలిపినా ఘాటు వాసన లేకపోతే, అది అల్లం కుటుంబమే కాదు, కోస్టేసి. నర్సరీల్లో 'ఇన్సులిన్ మొక్క' పేరుతో అమ్మేవి ఆ కుటుంబానివే. ఆ పేరుతో రెండు వేర్వేరు మొక్కలు అమ్ముడవుతున్నాయి: ఒకటి ఇప్పటి కమీకోస్టస్ కస్పిడేటస్, ఇంకోటి కోస్టస్ పిక్టస్. ఒకదాని మీద జరిగిన పరిశోధనను ఇంకోదానికి అంటగట్టడం ఆరోగ్యం విషయంలో చాలా పెద్ద తప్పు.

కాకినాడలో కన్నుమూసినవాడు, సామర్లకోటలో తోట వేసినవాడు

మొక్కల పేర్లకు లెక్క 1753 నుంచి మొదలవుతుంది. ఆ ఏడు స్వీడన్ వృక్షశాస్త్రజ్ఞుడు లిన్నేయస్ వేసిన పట్టికతో మొదలుపెట్టి, ముందు అచ్చయిన పేరుకే హక్కు. ఆ పట్టికలో అల్లం పేరు అమోమమ్ జింజిబర్, ఏలకి పేరు అమోమమ్ కార్డమోమమ్. అల్లం పువ్వును లోతుగా పరిశీలించే వీలు ఆయనకు లేదు. యూరప్‌కు చేరేది ఎండిన కొమ్మూ, అణిగిపోయిన ఆకూ.

ఆ లోటు తీర్చినవాళ్లు బతికున్న పువ్వును చేతిలో పట్టుకుని రాసినవాళ్లు. లిన్నేయస్ శిష్యుడు యోహాన్ గెర్హార్డ్ కోనిగ్ 1768లో తమిళ తీరంలోని తరంగంబాడికి వచ్చాడు. ఆయన రాసిన అల్లం కుటుంబపు వర్ణనలు 1783లో అచ్చయ్యాయి. తెల్లని సువాసనపూల హెడీకియమ్ కరోనేరియమ్ పేరు అందులోదే. రెండేళ్లకే, 1785లో, కాకినాడ జగన్నాథపురంలో ఆయన కన్నుమూశాడు. చివరి రోజుల్లో దగ్గరుండి వైద్యం చూసింది సామర్లకోటలో ఉన్న రాక్స్‌బర్గ్. ఆ రాక్స్‌బర్గే తర్వాత కలకత్తా వృక్షశాస్త్ర తోటకు వెళ్లి మామిడి అల్లానికీ, నల్ల పసుపుకూ, పాలగుండ దుంపకూ ఇప్పటి పేర్లు పెట్టాడు. మన చిత్రకారుల చేత 2,500కు పైగా రంగుల బొమ్మలు వేయించాడు. అల్లం పూలు కాగితాల మధ్య అదిమితే ముద్దైపోతాయి కనుక, రాక్స్‌బర్గ్ పెట్టిన చాలా పేర్లకు ఇవాళ ఆ బొమ్మలే ఆధారం. కోరమండల్ తీరపు మొక్కల మీద ఆయన వేసిన గ్రంథానికి కళింగ, గోదావరి సీమల్లో తిరిగిన కాలమే పునాది.

ఆ గ్రంథంలోనే ఒక విచిత్రమైన చిక్కు ఉంది. లిన్నేయస్ పెట్టిన అమోమమ్ ప్రజాతికి ఆధారజాతి, అంటే ఆ ప్రజాతి పేరు ఏ జాతిని అంటిపెట్టుకుని ఉంటుందో ఆ జాతి, అల్లం. నిబంధనను అక్షరాలా పాటిస్తే అల్లాన్ని ఈనాటికీ అమోమమ్ అనే పిలవాలి, పెద్ద ఏలకికి వేరే పేరు వెతకాలి. జనం వాడుక మాత్రం పూర్తిగా తిరగబడింది. అందుకని వృక్షనామాల అంతర్జాతీయ నియమావళి మినహాయింపు ఇచ్చింది. అల్లానికి జింజిబర్ అన్న పేరును కాపాడింది. అమోమమ్ అన్న పేరును రాక్స్‌బర్గ్ 1820లో కోరమండల్ గ్రంథంలో వాడిన అర్థానికి కట్టేసింది. దానికి ఇప్పుడు ఆధారజాతి పెద్ద ఏలకి, అమోమమ్ సుబులేటమ్. సిక్కిం, నేపాల్ కొండల్లో పండే ఆ నల్లని పొగవాసన కాయ పేరు, తెలుగు తీరపు మొక్కల పుస్తకం పట్టుకుని నిలబడింది.

ఏలకి పేరు ఇంకో దారి. 1692లో వచ్చిన, మలబారు మొక్కల గ్రంథం హోర్టుస్ మలబారికుస్ పదకొండో సంపుటంలో మలయాళం పేరు 'ఎలెట్టారి' అని అచ్చయింది. అదే తర్వాత ఎలెట్టారియా ప్రజాతి అయింది. 1811లో మేటన్ అనే ఆయన ఏలకిని అందులోకి మార్చాడు. అందుకే శాస్త్రీయ నామం పక్కన బ్రాకెట్లో లిన్నేయస్, బయట మేటన్ కనిపిస్తారు. బ్రాకెట్లో ఉన్నది మొదట పేరు పెట్టినవారు, బయట ఉన్నది ఇప్పుడున్న చోటికి మార్చినవారు. ఎక్కడైనా బ్రాకెట్ కనిపిస్తే ఈ మొక్కకు పాత పేరు ఒకటుందని అర్థం. పాత పుస్తకాల్లో ఆ పేరుతోనూ వెతకాలి.

పసుపుకు రెండు పేర్లెందుకు

సబ్బుల మీదా లేపనాల మీదా ఇప్పటికీ కుర్కుమా డొమెస్టికా అని కనిపిస్తుంది. అదీ మన పసుపే. జావాలో పనిచేసిన వృక్షశాస్త్రజ్ఞుడు వాలెటన్ 1918లో, లిన్నేయస్ 'లాంగా' అన్నది హోర్టుస్ మలబారికుస్‌లో ఉన్న బొమ్మను చూసి పెట్టిన పేరనీ, ఆ బొమ్మలో ఉన్నది పండించే పసుపు కాదనీ భావించాడు. అలాగైతే పసుపుకు పేరే లేనట్టు. అందుకని డొమెస్టికా అని కొత్త పేరు పెట్టాడు. 1972లో బర్ట్, స్మిత్ ఈ ముడి విప్పారు. లిన్నేయస్ చూసినవాటిలో పాల్ హెర్మన్ సింహళం నుంచి తెచ్చిన ఎండు నమూనా కూడా ఉంది, అది పసుపే. పేరును ఆ నమూనాకు కట్టేశారు. అప్పటినుంచీ లాంగా నిలిచింది, డొమెస్టికా పర్యాయపదంగా మిగిలింది. శాస్త్రీయ నామం వర్ణనకు అంటుకుని ఉండదు, ఫలానా హెర్బేరియంలో, అంటే ఎండు మొక్కల భాండాగారంలో, ఉన్న ఫలానా కాగితానికి అంటుకుని ఉంటుంది. ఆ కాగితం ఏదో తేలనంతకాలం పేరు ఊగుతూనే ఉంటుంది.

పసుపు ప్రజాతిలో తగాదాలు తెగకపోవడానికి ఇంకో కారణం వాటి సంతానం తీరు. పండించే పసుపులో 63 క్రోమోజోములు. జతలుగా కాక మూడేసిగా ఉన్న ఈ లెక్కవల్ల విత్తనం పట్టడం అరుదు. మామిడి అల్లంలో 42. విత్తనం లేని మొక్క కొమ్ముతోనే పెరుగుతుంది, కనుక ఎక్కడో ఒక దుబ్బులో వచ్చిన చిన్న తేడా అలాగే ఎకరాలకు ఎకరాలు పాకుతుంది. చూసినవాళ్లకు అది వేరే జాతిలా తోస్తుంది. కోస్తాలో ఏడు నెలలకే వచ్చే 'కస్తూరి' పసుపు రకాలను వ్యవసాయ పుస్తకాలు కుర్కుమా అరొమాటికా కింద రాశాయి. ఎనిమిది నెలల కేసరి రకాలనూ, తొమ్మిది నెలల దుగ్గిరాల, ఆర్మూరు, టేకూరుపేట, మైదుకూరు రకాలనూ లాంగా కింద రాశాయి. రైతుకు పంటకాలం ముఖ్యం, ఆ లెక్కన ఈ విభజన పనికొస్తుంది. అడవిలో పెరిగే అసలు అరొమాటికాతో కోస్తా కస్తూరి రకాలను ఒకే గాటన కట్టాలంటే మాత్రం పువ్వు చూడకుండా కుదరదు.

మరి తోటలోనో అడవిలోనో పసుపులాంటి మొక్క కనిపిస్తే ముందు చూడాల్సింది కంకి ఎక్కడ లేచిందన్నది. పండించే పసుపులో వానాకాలంలో ఆకుల మధ్యలోంచి లేస్తుంది, పైపుచ్ఛాలు తెల్లగా ఉంటాయి, ఆకు నున్నగా ఉంటుంది. అరొమాటికాలో ఎండాకాలంలో, ఆకు రాకముందే, పక్కగా నేలలోంచి, కొనన గులాబీ రంగు పుచ్ఛాల తురాయితో వస్తుంది. తర్వాత వచ్చే ఆకును అడుగున తడిమితే మెత్తని నూగు తగులుతుంది. కొమ్ము లోపల లేత పసుపు, కర్పూరం వాసన. నల్ల పసుపు, అంటే కుర్కుమా సీసియా, కొమ్ము కోస్తే నీలి ఛాయ, ఆకు మధ్య ఈనె వెంట ఊదా పట్టీ. ఇక్కడ జాగ్రత్తగా ఉండాలి. ఊదా పట్టీ చాలా జాతుల్లో ఉంటుంది, ఆకు ముదిరేకొద్దీ వెలిసిపోతుంది. నీలి కొమ్ము కుర్కుమా ఏరుజినోసాకూ ఉంటుంది. నల్ల పసుపుకు వేలు పోసి కొనేవాళ్లు ఈ రెండు గుర్తులే నమ్మి మోసపోతున్నారు.

కేరళలో జరిగింది ఇంకా పాఠం చెబుతుంది. పెద్ద తల్లిదుంప, లోపల ముదురు నారింజ పసుపు ఉన్న ఒక మొక్కను దక్షిణాది పుస్తకాలు చాలాకాలం కుర్కుమా జెడోరియా (కచ్చూరాల్లో ఒకటి) అనో అరొమాటికా అనో రాశాయి. 2005లో యానా స్కోర్నిచ్కోవా, కాలికట్ విశ్వవిద్యాలయం ఎం. సాబు కలిసి అది కుర్కుమా జాంథొరైజా అని తేల్చారు. ఇండోనేషియాలో జాము అనే మూలికా పానీయాల్లో వాడే 'తెమూలావాక్' అదే. ఈ లెక్కన, దక్షిణాదిలో జెడోరియా మీద చేశామన్న పాత రసాయన పరీక్షల్లో కొన్ని ఏ మొక్క మీద చేసినవో మళ్లీ అడగాల్సిందే.

డీఎన్ఏ వచ్చాక

2002 దాకా ఈ కుటుంబాన్ని నాలుగు తెగలుగా చూసేవారు. ఆ ఏడు జాన్ క్రెస్, సహచరులు 41 ప్రజాతులకు చెందిన 104 జాతుల డీఎన్ఏను పోల్చి, నాలుగు ఉపకుటుంబాలు, ఆరు తెగలుగా తిరగరాశారు. పాత విభజనలో కేసరపు రెక్కలకు ఇచ్చిన ప్రాధాన్యం కొంత తగ్గింది. ఇందాకటి ఆకుల వరస పరీక్ష మాత్రం డీఎన్ఏ ముందు కూడా నిలబడింది. అందుకే దాన్ని అంత గట్టిగా చెప్పడం.

ఎక్కువ కదిలింది ఏలకుల ఇల్లు. కాయ నున్నగా ఉందా, గీతలున్నాయా, ముళ్లున్నాయా అని చూసి చేర్చిన అమోమమ్ జాతులు నిజానికి ఒకే తల్లి పిల్లలు కావు. 2018లో ఆ ప్రజాతిని విడగొట్టారు. జావా ఏలకి వుర్ఫ్‌బైనియా కాంపాక్టా అయింది. చైనాలో మాంసం ఉడికించేటప్పుడు వేసే పెద్ద ఎర్రకాయ త్సావ్‌కో లాంక్సాంగియా అనే ప్రజాతికి వెళ్లింది. మన పెద్ద ఏలకి ఆధారజాతి కనుక అమోమమ్‌లోనే ఉండిపోయింది. పసుపు ఇల్లు ఇంకోలా మారింది: చిన్న చిన్న ప్రజాతులను కలుపుకుని 2015లో పెద్దదైంది.

ఇందాకటి కోస్టేసి కుటుంబానికి చెందిన కోస్టస్ స్పెసియోసస్ కథ, పేర్లు ఎంత వేగంగా మారతాయో చెప్పే ఉదాహరణ. 2006లో చీలోకోస్టస్ స్పెసియోసస్ అన్నారు. అంతకు ముందే, 18వ శతాబ్దంలోనే, ఆ గుంపుకు హెలెనియా అన్న పేరు ఉందని తేలడంతో అది హెలెనియా స్పెసియోసా అయింది. ప్రజాతి పేరు స్త్రీలింగమైతే జాతి పేరు చివర కూడా మారుతుంది, అందుకే 'సస్' పోయి 'సా' వచ్చింది. ఇది అచ్చుతప్పు కాదు, దిద్దకండి. తెలుగులో దీన్ని చెంగల్వకోష్టు అని రాసినచోట ఇంకా జాగ్రత్తగా చూడాలి. మందుల దుకాణంలో ఆ పేరుతో ఇచ్చేది సాసురియా వేరు, హిమాలయాల్లో పెరిగే పొద్దుతిరుగుడు కుటుంబపు మొక్క.

ఇలాంటివే కచ్చూరాలు. సున్నిపిండిలో వేసే ఈ పేరు కింద కుర్కుమా జెడోరియా, కెంఫీరియా గలంగా, గంధ కచ్చూరాల పేరుతో హెడీకియమ్ స్పైకేటమ్, మూడు ప్రజాతులు అమ్ముడవుతాయి. గలంగా అన్న మాట కూడా రెండు చోట్ల ఉంది: కెంఫీరియా గలంగా నేలకు అంటుకుని రెండు మూడు ఆకులతో ఉండే చిన్న మొక్క, ఆల్పీనియా గలంగా నిలువెత్తు పెరిగే దుంపరాష్ట్రం. పాలగుండ అంటే కుర్కుమా అంగుస్టిఫోలియా పిండి కావచ్చు, మరాంటా పిండి కావచ్చు. చీటీ మీద 'గలంగా' అనో 'కచ్చూరం' అనో ఒక్క మాట రాసి వదిలేస్తే ఏం రాసినట్టూ కాదు.

నమూనా తీసేటప్పుడు

పసుపు పువ్వును పొద్దున్నే, అల్లం పువ్వును మధ్యాహ్నం దాటాక తీసుకోవాలి. వాడిన పువ్వులో పెదవి ముడుచుకుని రెక్కలకు అంటుకుంటుంది, అప్పుడు ఏది ఏదో తెలియదు. కంకిలోంచి పువ్వును గొట్టంతో సహా అడుగుదాకా లాగాలి. తెగితే అండాశయం పుచ్ఛంలోనే ఉండిపోతుంది. ముందు నుంచి, పక్క నుంచి ఫొటో తీసి, బ్లేడుతో నిలువునా చీల్చి, పక్కన స్కేలు పెట్టి మళ్లీ తీయాలి. రెండు మూడు పూలు 70 శాతం స్పిరిట్‌లో వేసి మూత బిగించాలి. రంగులు స్పిరిట్‌లో ఒకటి రెండు రోజుల్లో పోతాయి, కనుక రంగు అక్కడికక్కడే రాసుకోవాలి. కొమ్మును తాజాగా కోసి లోపలి రంగు, వాసన వెంటనే రాయాలి. ఉడికించి ఎండబెట్టిన కొమ్ములో రంగు అంతటా ఒకేలా పాకిపోతుంది, దాన్ని చూసి జాతి చెప్పడం కంటికి సాధ్యం కాదు. ఆకు అడుగున నూగు, ఆకు ఒర చివర ఉండే పలచని పొర పొడవు, కంకి మధ్యలోంచా పక్కనుంచా, నెల, ఊరు, అక్కడివాళ్లు పిలిచే పేరు కూడా చీటీలో ఉండాలి.

జాతి తేలకపోతే 'కుర్కుమా, జాతి తెలియదు. ఏప్రిల్, కంకి పక్కనుంచి, ఆకు ఇంకా లేదు, తురాయి గులాబీ, కొమ్ము లోపల లేత పసుపు' అని రాసి, వానలు పడ్డాక అదే దుబ్బు దగ్గరికి వెళ్లి ఆకు తెచ్చి ఆ చీటీకే కలపాలి.